జపాన్ వేడినీటి ఊళ్లు: ఏ బస మంచిది, ఏ నీరు ఎవరికి పడుతుంది

జపాన్ వెళ్లే మనవాళ్లు చాలామంది ఒక్క రాత్రికి ఖరీదైన ర్యోకాన్ (భోజనంతో కలిపి ఇచ్చే జపాన్ సంప్రదాయ వసతి గృహం) బుక్ చేసుకుంటారు. ఇద్దరికి కలిపి 50 వేల యెన్ల దాకా పోస్తారు (వంద యెన్లంటే సుమారు 55-60 రూపాయలు). సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి నీళ్లలో దిగుతారు. చేపలతో నిండిన భోజనంలో సగానికి పైగా వదిలేస్తారు. పదింటికల్లా గది ఖాళీ చేసి వచ్చేస్తారు. అదే డబ్బుతో ఒకే చోట నాలుగైదు రోజులు ఉండి, రోజూ మంచి నీళ్లలో మునిగి, మనకు నచ్చింది వండుకు తినే పద్ధతి అక్కడ వందల ఏళ్లుగా ఉంది. దాన్ని తోజి అంటారు. నాట్లు అయ్యాక, కోతలు అయ్యాక రైతు కుటుంబాలు బియ్యం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) మూటగట్టుకుని వేడినీటి ఊళ్లకు వెళ్లేవి. సత్రంలో స్వయంపాకం చేసుకుంటూ ఒళ్లునొప్పులు తీరేదాకా ఉండేవి. ఏడు రోజులు ఒక విడత. మూడు విడతలు, అంటే 21 రోజులు గడిస్తే తోజి పూర్తయినట్టు లెక్క. ఇప్పుడు అన్నాళ్లు తీరిక ఉండేది పింఛను తీసుకునేవాళ్లకే కాబట్టి మూడు నాలుగు రోజుల తోజి కూడా బాగా నడుస్తోంది.

శాకాహారులకు, మోకాళ్లనొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లకు, అక్కడి జనం ఎలా బతుకుతున్నారో దగ్గరగా చూడాలనుకునేవాళ్లకు మా ఓటు తోజి సత్రానికే. అయితే ఊరిని, నీటిని, బసను విడివిడిగా తూచి ఎంచుకోవాలి.

ముందు గోడమీది కాగితం

1948 నాటి ఒన్సెన్ (వేడినీటి ఊట) చట్టం ప్రకారం భూమిలోంచి వచ్చే నీరు ఊట దగ్గర 25 డిగ్రీలు ఉంటే చాలు, అది ఒన్సెన్. అంత వేడి లేకపోయినా, చట్టం పేర్కొన్న 19 పదార్థాల్లో ఏదో ఒకటి చెప్పిన మోతాదులో ఉన్నా సరే. అంటే గోరువెచ్చని నీటిని గ్యాస్ మీద కాచి, వడగట్టి, క్లోరిన్ కలిపి, మళ్లీ మళ్లీ తిప్పినా బోర్డు మీద ఒన్సెన్ అని రాసుకోవచ్చు. అందుకే బట్టలు మార్చుకునే గదిలో గోడకు ఉండే విశ్లేషణ పత్రం చూడాలి. దాన్ని అక్కడ పెట్టడం చట్టప్రకారం తప్పనిసరి. ఫోన్ కెమెరా అనువాదంతో చదువుకోవచ్చు, కానీ గదిలో ఎవరూ లేనప్పుడే. బట్టలు మార్చుకునే చోట ఫోన్ పైకెత్తితే పెద్ద తప్పు. నలుగురూ ఉంటే కౌంటర్‌లో అడగండి, చాలాచోట్ల ఒక ప్రతి చూపిస్తారు.

ఆ కాగితంలో వెతకాల్సినవి: నీటి రకం, పీహెచ్ (ఆమ్లగుణం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ), ఊట దగ్గర ఉష్ణోగ్రత, పరీక్ష చేసిన తేదీ (పదేళ్లకోసారి మళ్లీ చేయించాలి). దాని పక్కనే ఇంకో చీటీ ఉంటుంది. చల్లనీళ్లు కలుపుతున్నారా, కాస్తున్నారా, తిప్పి వాడుతున్నారా, క్రిమిసంహారకం వేస్తున్నారా అనే నాలుగు సంగతులు అందులో ఉంటాయి. 2004లో కొన్ని పేరున్న చోట్ల తొట్టిలో రంగుపొడి కలుపుతున్నారని, కుళాయి నీళ్లనే ఒన్సెన్ అంటున్నారని బయటపడి దేశమంతా గొడవైంది. ఆ మరుసటి ఏడు నుంచి ఈ చీటీ తప్పనిసరి చేశారు. 'గెన్సెన్ కకెనగాషి' అని ఉంటే ఊటనీరు ఒకవైపు పడుతూ మరోవైపు పొర్లి పోతోందని అర్థం. తోజికి వెళ్తే ఇదే కావాలి.

తిప్పి వాడే నీరంతా చెడ్డదేమీ కాదు. క్లోరిన్ సరిగ్గా వేసి, వారానికోసారైనా తొట్టి పూర్తిగా ఖాళీ చేసి కడిగితే ఇబ్బంది లేదు. అది చేయనప్పుడే ప్రమాదం. 2023లో ఫుకువోకా ప్రిఫెక్చర్ (మన జిల్లా లాంటిది)లోని ఒక పాత ర్యోకాన్ ఏడాదికి రెండుసార్లే నీళ్లు మార్చిందని తేలింది. అక్కడ లెజియొనెల్లా బ్యాక్టీరియా అనుమతించిన పరిమితికి 3,700 రెట్ల దాకా కనిపించింది. ఊపిరితిత్తుల జబ్బున్న పెద్దవాళ్లకు ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. తొట్టి అంచు జిగురుగా ఉన్నా, నీళ్లు పొర్లకుండా నిలిచిపోయి ఉన్నా దిగకపోవడమే మంచిది.

నీటి రకాలు

ఉప్పునీటి ఊటలో మునిగితే చర్మం మీద ఉప్పు పొరలా నిలిచి ఒంటి వేడి చాలాసేపు పోదు. చలికాలానికి, నడుంనొప్పులకు ఇదే నయం. బైకార్బొనేట్ నీరు సబ్బు రాసుకున్నట్టు జారుతుంది, చర్మం నునుపెక్కుతుంది, కానీ బయటికి వచ్చాక త్వరగా ఆరిపోతుంది. కాబట్టి వెంటనే కొబ్బరినూనో క్రీమో రాసుకోవాలి. ఏ ప్రత్యేకతా లేని 'సాధారణ ఊట' ముసలివాళ్లకు, మొదటిసారి దిగేవాళ్లకు అన్నిటికంటే క్షేమం. పేరు చూసి తక్కువ చేయొద్దు.

గంధకపు నీటి దగ్గర జాగ్రత్తలు ఎక్కువ. మన ఆడవాళ్లు కాలి మెట్టెలు, వెండి పట్టీలు తీయకుండా దిగితే నిమిషాల్లో నల్లబడతాయి. గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. వెండి పాడైపోదు, పైపొర మాత్రమే మారుతుంది. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వంటసోడా వేసి, మరిగే నీళ్లు పోసి వెండిని ఫాయిల్‌కు తగిలేలా ఉంచితే తిరిగి తెల్లబడుతుంది. 22 క్యారట్ల మంగళసూత్రంలో రాగి కలుస్తుంది కాబట్టి అదీ కాస్త మసకబారవచ్చు. తీయడం ఇష్టం లేనివాళ్లు గంధకపు ఊరు వదిలి ఉప్పునీటి ఊరు చూసుకోవాలి. గంధకపు స్నానపు గదుల్లో కిటికీలు, గాలి కంతలు చలికి మూయకండి. అవి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు బయటికి పోవడానికి పెట్టినవి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ నీరు పడదు.

కుసత్సు: నీరు గొప్పది, వారాంతం వద్దు

టోక్యో ఉయెనో స్టేషన్ నుంచి ఎక్స్‌ప్రెస్‌లో రెండున్నర గంటల లోపు నగానొహరా-కుసత్సుగుచి, అక్కడి నుంచి బస్సులో అరగంట. ఊరి నడిబొడ్డున యుబతకే అనే ఊటలోంచి నిమిషానికి నాలుగు వేల లీటర్ల నీరు పొగలు కక్కుతూ చెక్క కాలువల్లో పారుతుంది. పీహెచ్ 2 చిల్లర, నిమ్మరసమంత పులుపు. ఆ ఆమ్లం నదిలో కలిసి కింది ఊళ్లను పాడు చేస్తోందని 1964 నుంచి రాత్రింబవళ్లు సున్నపురాయి పొడి కలుపుతూనే ఉన్నారు. నీరు మరీ వేడి. చల్లనీళ్లు కలిపితే బలం పోతుందని ఆరడుగుల పలకలతో తిరగేసి చల్లార్చడం ఇక్కడి ఆచారం. అదిప్పుడు టికెట్ పెట్టి చూపించే ప్రదర్శన కూడా. ఒకసారి చూడొచ్చు, చూడకపోయినా నష్టం లేదు.

అసలు విలువ షిరహత, చియొ, జిజొ అనే చిన్న ఊరుమ్మడి స్నానశాలల్లో ఉంది. డబ్బులు తీసుకోరు. బయటివాళ్లనూ రానిస్తారు. సబ్బు, షవర్, లాకర్ ఏవీ ఉండవు. చెక్కగూట్లో బట్టలు పెట్టి, ముంతతో కాళ్ల నుంచి మొదలుపెట్టి భుజాల దాకా పదిసార్లు పోసుకుని, ఆ తర్వాతే దిగాలి. నీరు 44 డిగ్రీలకు పైనే ఉంటుంది. రెండు మూడు నిమిషాలు చాలు. గీరుకున్న చర్మం, షేవ్ చేసిన గడ్డం భగ్గుమంటాయి. కంట్లో పడితే మంచినీళ్లతో కడగాలి. బయటికి వచ్చాక ఒంటిమీద మంచినీళ్లు పోసుకోవడం సున్నిత చర్మానికి అవసరం. ఇక్కడ బస చేయాలంటే ఆదివారం నుంచి గురువారం లోపు చూడండి. శుక్ర, శనివారాల్లో ధరలు పెరుగుతాయి, యుబతకే చుట్టూ నిలబడే చోటుండదు.

ఊరి చివర ఇంకొకటి ఉంది. కుసత్సు వెళ్లినవాళ్లు దాన్ని చూడకుండా రావద్దని గట్టిగా చెప్తాం. ఈ నీళ్లు తమ జబ్బు తగ్గిస్తాయనే ఆశతో ఒకప్పుడు కుష్ఠు రోగులు వచ్చి యునొసవ అనే పేట కట్టుకున్నారు. 1932లో కుర్యూ రకుసెన్-ఎన్ అనే ప్రభుత్వ ఆశ్రమం పెట్టి వాళ్లను అందులోకి తరలించారు. ఎదురు తిరిగినవాళ్ల కోసం 1938లో చీకటి కొట్లు కట్టారు. 1947 వరకు 93 మందిని వాటిలో వేశారు, 23 మంది చనిపోయారు. నిర్బంధ చట్టం 1996లో గానీ రద్దు కాలేదు. 2001లో కుమమొతొ కోర్టు ప్రభుత్వానిదే తప్పని తేల్చింది. ఆ కొట్ల నమూనాతో 2014లో తెరిచిన జూకన్‌బొ మ్యూజియానికి ప్రవేశం ఉచితం. ఊరి మధ్య నుంచి టాక్సీలో కాసేపే. ఆరోగ్యం పేరుతో ఎవరిని ఊళ్లోకి రానిచ్చారో, ఎవరిని వెలివేశారో అక్కడ కళ్లారా కనిపిస్తుంది.

కన్నవ: శాకాహారులకు మొదటి చోటు

క్యూషూ ద్వీపంలోని బెప్పు నగరంలో రెండు వేలకు పైగా ఊటలున్నాయి. ఫుకువోకా నగరంలోని హకత స్టేషన్ నుంచి రైల్లో సుమారు రెండు గంటలు. బెప్పులో కన్నవ పేటలో దిగండి. అక్కడి పాత సత్రాల్లో వాకిట్లోనే 'జిగొకు గమ' ఉంటుంది. భూమిలోంచి వచ్చే వంద డిగ్రీలకు దగ్గరి ఆవిరిని గొట్టంలో పట్టి, సిమెంటు గూట్లోకి వదిలే పొయ్యి అది. వెదురు జల్లెడలో దినుసులు పెట్టి, చెక్కమూత వేసి, ఆవిరి కుళాయి తిప్పడమే వంట. గుడ్లకు పది నిమిషాలు, మొక్కజొన్న పొత్తుకు పావుగంట, గుమ్మడి ముక్కలకు ఇరవై నిమిషాలు, చిలగడదుంపకు అరగంట పైన. గిన్నెలో కడిగిన బియ్యం, నీళ్లు పోసి పెడితే అన్నమూ అవుతుంది. ఆవిరిలో ఉప్పు ఉండటం వల్ల కూరగాయలకు కొద్దిగా ఉప్పదనం పడుతుంది. ఇన్‌స్టంట్ ఇడ్లీ పొడి, చిన్న ప్లేట్లు తీసుకెళ్తే ఇంకా సుఖం. మూత తీసేటప్పుడు ముందు కుళాయి కట్టి, ముఖం పక్కకు తిప్పి, పొడవాటి తొడుగులతో తీయాలి. కాలేది ఎప్పుడూ ఆ మొదటి ఆవిరికే.

భోజనం లేని గది ఒక్కొక్కరికి రోజుకు నాలుగు నుంచి ఏడు వేల యెన్లలో దొరుకుతుంది. గదులు సాదాసీదా, టాయిలెట్ ఉమ్మడి, గోడలు పలచన. రాత్రి తొమ్మిది దాటాక గట్టిగా మాట్లాడకూడదు.

నలుగురిలో బట్టల్లేకుండా స్నానం చేయలేనివాళ్లకు కూడా బెప్పు మంచిది. కన్నవ ముషియు అనే ఆవిరి గుహలోకి బట్టలతోనే వెళ్తారు. దీన్ని 1276లో ఇప్పెన్ అనే బౌద్ధ సన్యాసి మొదలుపెట్టాడంటారు. పొట్టి తలుపులోంచి వంగి లోపలికి పోయి, సెకిషొ అనే సువాసన గడ్డి మీద ఎనిమిది నిమిషాలు పడుకోవాలి. టైమ్ అవగానే బయటి నుంచి పిలుస్తారు. తకెగవర స్నానశాలలో యుకాతా (పలచని నూలు అంగీ) కట్టుకుని పడుకుంటే వేడి ఇసుక కప్పుతారు, పది పదిహేను నిమిషాలు. ఇసుక బరువు గుండెల మీద పడుతుంది కాబట్టి గుండెజబ్బు ఉన్నవాళ్లు దీనికి పోవద్దు.

ఉత్తరాది సత్రాలు

టోక్యో నుంచి షింకన్సెన్ (బుల్లెట్ రైలు)లో మూడు గంటల లోపు షిన్-హనమకి స్టేషన్. అక్కడి ఒసవ, నమరి ఊటల దగ్గర స్వయంపాకం విభాగాలు ఇంకా నడుస్తున్నాయి. నమరిలో సుమారు 1.25 మీటర్ల లోతున్న రాతి తొట్టిలో నిలబడే మునుగుతారు, అడుగు నుంచే ఊట వస్తుంది. అది ఆడామగా కలిసి దిగే తొట్టి. ఆడవాళ్లకు వేరే వేళలు కేటాయిస్తారు, చేరగానే అడిగి రాసుకోండి.

ఇలాంటి సత్రాల్లో బిల్లు చూసి కంగారుపడేవాళ్లున్నారు. గది అద్దె తక్కువే, కానీ పరుపు, యుకాతా, హీటరు ఒక్కోదానికి విడిగా లెక్క కట్టే చోట్లు ఉన్నాయి. గ్యాస్ పొయ్యికి పది యెన్ల నాణెం వేయాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. నాణేలు దగ్గర పెట్టుకోండి. ఉమ్మడి వంటింట్లో ఎండుమిర్చి, ఇంగువ తాలింపు పెట్టొద్దు. పాత చెక్క భవనం, పొగ అలారం, పక్కగదిలో దగ్గే ముసలాయన, అన్నీ కలిసి ఫిర్యాదు దాకా పోతుంది. అన్నం, ఉడికించిన కూర, దాని మీదికి కారప్పొడి, ఆవకాయ ఉంటే పూట గడుస్తుంది. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, పండ్లు ఇండియా నుంచి తేకూడదు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. కందిపప్పు టోక్యోలో షిన్-ఒకుబొ, ఉయెనో అమెయొకో దుకాణాల్లో కొనుక్కుని బయల్దేరండి. కొండ ఊళ్లలో దొరకదు.

అకిత ప్రిఫెక్చర్‌లోని తమగవ ఊట సంగతి వేరు. నిమిషానికి తొమ్మిది వేల లీటర్లు, 98 డిగ్రీలు, పీహెచ్ 1.2. క్యాన్సర్ ఉన్నవాళ్లు చాప, దుప్పటి పట్టుకుని వెచ్చని రాళ్ల మీద పడుకోవడానికి వస్తారు. దానివల్ల క్యాన్సర్ తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ముదిరిన క్యాన్సర్‌తో బాగా నీరసించినవాళ్లు ఒన్సెన్‌కు దూరంగా ఉండాలని పర్యావరణ శాఖ మార్గదర్శకాలే చెప్తున్నాయి. 2012 ఫిబ్రవరిలో ఆ రాళ్ల మీద పడుకున్నవాళ్ల మీద మంచుచరియ పడి ముగ్గురు చనిపోయారు. అక్కడ ఒకరి పక్కన ఒకరు పడుకుని ఏ ఆసుపత్రిలో ఏం చెప్పారో మెల్లగా చెప్పుకునే మనుషుల్ని చూస్తే వాళ్లెందుకు వస్తారో అర్థమవుతుంది. అయినా చికిత్స మాని అక్కడికి వెళ్లమని ఎవరికీ చెప్పలేం.

ర్యోకాన్, గుడి బస

ర్యోకాన్ ధర గదికి కాదు, మనిషికి. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఆరు గంటలకల్లా చేరకపోతే రాత్రి భోజనం పోయినట్టే, డబ్బు తిరిగి ఇవ్వరు. శాకాహారం అని చెప్పినా మిసో సూప్‌లో, సోబా (నూడుల్స్) రసంలో, ఉడికించిన కూరలో ఎండుచేప కత్సువొబుషి కాచిన నీళ్లు ఉంటాయి. 'చేప రసం కూడా వద్దు' అని వారం ముందే రాసి, ఒప్పుకుంటేనే బుక్ చేయండి. లేకపోతే భోజనం లేని 'సుదొమరి' తీసుకోండి. నేలమీద పరుపు కష్టమైతే మంచాలున్న గది అడగాలి.

ఖర్చు పెట్టాలనుకుంటే కోయసాన్ గుడుల్లో పెట్టండి. ఒసాకా నంబ నుంచి నన్‌కై రైలు, ఆ తర్వాత కేబుల్ కారు. 816లో కూకై అనే బౌద్ధ సన్యాసి మొదలుపెట్టిన ఈ కొండమీద యాభై దాకా గుడులు బస ఇస్తాయి. మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి లేని షోజిన్ భోజనం, కొంబు నాచుతో, షియితకే పుట్టగొడుగులతో చేసిన రసం. కొన్నిచోట్ల తెల్లవారుజామున గొమ చేస్తారు. అది మన హోమమే, బౌద్ధంతో పాటు వెళ్లింది. లోటుపాట్లు: కొన్ని పాత గదుల తలుపులకు తాళం ఉండదు, చలికాలం నడవాలు గడ్డకడతాయి, భోజనం సాయంత్రం ఐదున్నరకే. స్నానపు నీళ్లు చాలావరకు మామూలువే.

టోక్యోలో ఒక సాయంత్రం

కొండలకు వెళ్లే తీరిక లేకపోతే పేట స్నానశాల, సెంతొకు వెళ్లండి. టోక్యోలో ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2024 ఆగస్టు నుంచి పెద్దలకు 550 యెన్లు. 1968లో దేశమంతటా సుమారు 18 వేలు ఉండేవి, ఇప్పుడు రెండు వేల లోపే. ఇళ్లలో తొట్లు వచ్చాయి, ఇంధనం ధర పెరిగింది, నడిపే వారసులు లేరు. జనాభాలో 65 దాటినవాళ్లు 29 శాతం ఉన్న దేశంలో ఒంటరి ముసలివాళ్లకు రోజూ నలుగురు కనిపించే చోటు ఇదే. రోజూ వచ్చే ఆమె రెండు రోజులు రాకపోతే కౌంటర్‌లో ఉన్నవాళ్లు ఆరా తీస్తారు. తలుపు తెరిచే మూడున్నర, నాలుగింటికి వెళ్తే వాళ్లే ఉంటారు. ఎక్కడి నుంచి వచ్చారని మొదలై మోకాళ్లు, బీపీ మాత్రలు, కొడుకులు ఉండే ఊళ్ల దాకా మాట సాగుతుంది. కోవిడ్ రోజుల 'మౌనంగా స్నానం' బోర్డు ఇంకా ఉన్నచోట, బయటికి వచ్చి గాజుసీసా పాలు తాగుతూ మాట్లాడుకోవాలి. ఒంటిమీద పచ్చబొట్టు ఉన్నవాళ్లకూ సెంతొయే సులువు. 2015 ప్రభుత్వ సర్వేలో సగానికి పైగా వసతి గృహాలు పచ్చబొట్టు ఉంటే రానివ్వబోమన్నాయి, సెంతొలు ఎక్కువగా పట్టించుకోవు. కొన్ని తొట్లలో సన్నగా కరెంటు పారిస్తారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ తొట్టి దగ్గరికి పోకూడదు.

ఆడ, మగ వైపుల ముందు వేలాడే పరదాలను ర్యోకాన్లలో రాత్రికి రాత్రే అటూ ఇటూ మారుస్తారు. నిన్న వెళ్లిన తలుపే కదా అని పొద్దున నేరుగా దూరితే అవమానం. ప్రతిసారీ పరదా చూడాలి. అసలు నలుగురిలో దిగలేమంటే 'కషికిరి' గది అడగండి. 45-50 నిమిషాలకు రెండు నుంచి నాలుగు వేల యెన్లు, కుటుంబం మాత్రమే.

బీపీ, మందులు

జపాన్‌లో స్నానానికి సంబంధించిన మరణాలు ఏటా 19 వేల దాకా ఉంటాయని ఆరోగ్య శాఖ పరిశోధన బృందం అంచనా. ఎక్కువగా చలికాలంలో, ముసలివాళ్లే. చల్లని గదిలో బట్టలు విప్పగానే రక్తనాళాలు ముడుచుకుని బీపీ ఎగుస్తుంది. వేడినీళ్లలో దిగాక నాళాలు వదులై ఒక్కసారిగా పడిపోతుంది. లేచి నిలబడేటప్పుడు కళ్లు తిరిగి నీళ్లలోకి జారిపోతారు. అందుకే 41 డిగ్రీల లోపు, పది నిమిషాల లోపు అని అక్కడి వినియోగదారుల సంస్థ చెప్తుంది. భోజనం కాగానే, మద్యం తాగాక, బీపీ మాత్ర వేసుకున్న వెంటనే దిగకండి. గట్టు పట్టుకుని మెల్లగా లేవండి. షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ముందు చేత్తో వేడి చూడాలి. గర్భిణులు దిగకూడదనే పాత నిబంధనను 2014లో తీసేశారు. అయినా జారే నేల, ఎక్కువ వేడి విషయంలో జాగ్రత్త.

తోజిలో మొదటి రెండు రోజులు రోజుకు ఒకసారే. తర్వాత రెండు, గరిష్ఠంగా మూడు. మూడో రోజు నుంచి నీరసం, దద్దుర్లు వస్తే దాన్ని యుఅతరి అంటారు. ఒక రోజు మానేస్తే తగ్గుతుంది, మొండిగా దిగితే పెరుగుతుంది.

మందులు ఒక నెలకు మించి తీసుకెళ్తుంటే ముందే ఆన్‌లైన్‌లో 'యున్యు కకునిన్‌షో' అనుమతి తీసుకోవాలి. సూడోఎఫిడ్రిన్ పది శాతం మించిన జలుబు మాత్రలు నిషిద్ధం. కోడీన్ ఒక శాతం దాటితే మాదకద్రవ్యం కింద లెక్క. ఇంట్లో మిగిలిన దగ్గుమందు సీసాను ఊరికే పెట్టెలో పడేయకండి, లేబుల్ చూడండి.

పెద్ద సూట్‌కేసును టోక్యో హోటల్ నుంచే తక్కుబిన్ (సామాను చేరవేసే సేవ)లో తర్వాతి నగరపు హోటల్‌కు పంపించి, సత్రానికి చేతిసంచితో వెళ్లండి. పాత సత్రాల్లో లిఫ్టు ఉండదు, మెట్లు నిట్టనిలువు. ఏడు రోజుల జేఆర్ పాస్ (విదేశీ పర్యాటకుల రైలు పాస్) 2023 అక్టోబరు నుంచి 50 వేల యెన్లు. ఒకే ఊళ్లో వారం ఉండేవాళ్లు దాన్ని కొనక్కర్లేదు, రానూపోనూ విడి టికెట్లే చవక.